మూడు ఇంటర్వెల్ల సినిమా

2020 మార్చి 21 శనివారం మధ్యాహ్నం మా వదిన పలాసలో డయాలసిస్ చేయించుకుని కాశీబుగ్గలోని మా ఇంటికి వచ్చింది. మర్నాడు జనతా కర్ఫ్యూ, ఆటోలు తిరగవన్నారు కాబట్టి రెండు రాత్రులు మా ఇంట్లో పడుకుని సోమవారం ఊరు వెళ్లిపోతానంది. చేతిలో ఒక గుడ్డసంచి. అందులో ఒక చీర, మందుల డబ్బా, దువ్వెన. ఆ సంచితో వచ్చిన మనిషి తిరిగి వెళ్లింది జూన్ 3న. డెబ్బై నాలుగు రాత్రులు.

వదిన అంటే మా ఆయనకి అక్క. నాకంటే నాలుగేళ్లు పెద్ద. అప్పటికి నాకు అరవై ఎనిమిది, ఆవిడకి డెబ్బై రెండు. ఇద్దరికీ భర్తలు లేరు. మా ఆయన గుండెపోటుతో పోయారు. ఆవిడ భర్తని, నేను అన్నయ్య అని పిలిచేదాన్ని, కిడ్నీ జబ్బు తీసుకుపోయింది. ఆవిడది ఉద్దానంలో సముద్రానికి మైలు దూరంలో ఉన్న ఊరు. కొబ్బరి, జీడితోటలు. ఆ ఊళ్లో ఈ జబ్బు లేని ఇల్లు వెతుక్కోవాలి. భర్త పోయిన మూడేళ్లకి ఆవిడకీ అదే వచ్చింది.

వారానికి మూడుసార్లు, మంగళ, గురు, శనివారాలు ఆవిడ డయాలసిస్‌కి రావాలి. అంతకుముందు ఊరి నుంచి మరో నలుగురితో కలిసి ఆటోలో వచ్చేది. లాక్‌డౌన్ మొదలవగానే ఊరి కుర్రకారు రోడ్డుకి అడ్డంగా ముళ్లకంప వేసేశారు. లోపలివాళ్లు బయటికి వెళ్తే మళ్లీ రానిచ్చేది లేదన్నారు. డాక్టరుగారు, దగ్గరలో ఎవరైనా ఉంటే అక్కడే ఉండిపోమన్నారు. దగ్గరలో ఉన్నది నేనే. మా వీధిలో ఒక ఆటో అతను ఆసుపత్రి కాగితం అద్దానికి అంటించుకుని మమ్మల్ని తీసుకెళ్లేవాడు.

నేను ముప్పై నాలుగేళ్లు జీడిపప్పు పరిశ్రమలో చెకింగ్ చేశాను. పౌనుకి ఎన్ని గింజలు తూగుతాయో లెక్కపెట్టి రకం చెప్పడం నా పని. అందుకని వదిన జబ్బును కూడా నేను అంకెల్లోనే అర్థం చేసుకున్నాను. డయాలసిస్ అయ్యాక ఆవిడ బరువు 46 కిలోలు. ఒంట్లోకి వెళ్లిన నీరు బయటికి పోదు కాబట్టి, మళ్లీ మిషను ఎక్కేదాకా బరువు పెరుగుతూ ఉంటుంది. రెండు రోజుల ఎడం వచ్చినప్పుడు రెండు కిలోలు, శనివారం నుంచి మంగళవారం దాకా మూడు రోజుల ఎడంలో రెండున్నర దాటకూడదు. దాటితే కాళ్లు వాస్తాయి, తర్వాత ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. అప్పుడు రోడ్ల మీద బళ్లు లేని రోజుల్లో ఆవిడని ఎక్కడికి తీసుకెళ్లాలి, ఎలా తీసుకెళ్లాలి అన్నది నాకు తెలియదు. కాబట్టి దాటకూడదు.

రోజుకి 750 మిల్లీలీటర్లు. మందులు, టీ, మజ్జిగ అన్నీ కలిపి. ఒక సీసా మీద గీత గీసి, పొద్దున్నే నింపి వంటింటి గట్టు మీద పెట్టేదాన్ని. వదిన ఏం తాగినా అందులోంచే. మొదటి రోజు ఆ సీసాని కాసేపు చూసింది.

"మా ఇంట్లో కోడిపిల్లలకి ఇంతకన్నా పెద్ద గిన్నె ఎడతాం మరదలా," అంది.

మా పక్క పోర్షన్‌లో బ్యాంకులో పనిచేసే అమ్మాయి అద్దెకుండేది. లాక్‌డౌన్‌లోనూ ఉద్యోగానికి వెళ్లేది. బరువు చూసుకునే మిషను ఆ అమ్మాయిదే. ఆసుపత్రి మిషనుతో పోల్చి చూస్తే మూడు వందల గ్రాములు ఎక్కువ చూపించేది. ఆ మూడు వందలు తీసేసి రోజూ సాయంత్రం ఆరింటికి వదిన బరువు ఒక పుస్తకంలో రాసేదాన్ని. ఆ అమ్మాయే ఒక పెన్‌డ్రైవ్ కూడా ఇచ్చింది. వాళ్ల నాన్నగారు పోగుచేసుకున్న పాత సినిమాలు, ఇరవై ఆరు, అన్నీ నలుపు తెలుపువి. టీవీ వెనకాల ఎక్కడ గుచ్చాలో, ఏ మీట నొక్కితే ఆగుతుందో, ఏది నొక్కితే మళ్లీ మొదలవుతుందో చూపించి వెళ్లింది.

మార్చి 29 ఆదివారం మధ్యాహ్నం రెండున్నరకి మొదటి సినిమా పెట్టాను. పౌరాణికం. నేను కుర్చీలో కూర్చున్నాను. వదిన చాప పరుచుకుని నేలమీద కూర్చుంది. కాళ్లు వేలాడేస్తే వాస్తాయి కాబట్టి నేనూ కాదనలేదు కానీ, ఆవిడ కారణం వేరు. తనది ఎప్పుడూ నేల టిక్కెట్టేనట. కుర్చీలో కూర్చుంటే సినిమా చూసినట్టు ఉండదట.

ముప్పావుగంట గడిచిందో లేదో వదిన అటూ ఇటూ కదలడం మొదలెట్టింది. ఏం కావాలని అడిగాను.

"ఏటి, ఇంకా ఆపరేటి?" అంది.

నాకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. అప్పుడు ఆవిడ ఊరి డేరా సినిమా జ్ఞాపకం వచ్చింది.

నేను టెక్కలిలో పుట్టి పెరిగాను. అక్కడ సినిమా హాలు ఉండేది. రెండు ప్రొజెక్టర్లు, కుర్చీలు, బెంచీలు, సినిమా మధ్యలో ఒకే ఇంటర్వెల్. 1971లో పెళ్లయి ఉద్దానం వెళ్లాక, ఆ వేసవిలో వదిన నన్ను వాళ్ల ఊరి డేరాకి తీసుకెళ్లింది. ఎండాకాలం వస్తే టూరింగ్ టాకీస్ వాళ్లు తాటిచెట్ల మధ్య ఇసుకలో డేరా వేసేవాళ్లు. వాళ్లకి మిషను ఒక్కటే. ఒక రీలు చుట్ట అయిపోతే రెండోది ఎక్కించేదాకా బొమ్మ ఉండదు. దీపాలు వెలుగుతాయి. అలా సినిమా నాలుగు ముక్కలు, మధ్యలో మూడు ఇంటర్వెల్లు. జనం ఇసుకని దిబ్బలా పోగుచేసుకుని, ముందువాళ్ల తలలు అడ్డం రాకుండా ఆ దిబ్బ మీద కూర్చునేవాళ్లు. మొదటిసారి దీపాలు వెలగగానే నేను ఇంటర్వెల్ అనుకుని బయటికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి నా దిబ్బ మీద ఒక లావుపాటి ఆవిడ కూర్చుని ఉంది. కొత్తకోడల్ని, ఏం అనాలో తెలియక నిలబడ్డాను. వదిన లేచి ఆవిడతో ఏం మాట్లాడిందో, పాట మొదలయ్యేలోపు నా దిబ్బ నాకు వచ్చింది.

సినిమా అంటే మూడుసార్లు ఆగాలన్నది వదిన ఒంటికి పట్టేసిన అలవాటు. ఆగగానే గొంతు తడుపుకోవాలన్నదీ అలవాటే. నాకు ఇందులో ఒక వీలు కనిపించింది. మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా ఆవిడకి దాహం ఎక్కువ. ఆ మూడు గంటలూ ఎలా గడపాలా అని నేను ఆలోచిస్తున్నదే.

ఆ సినిమా నిడివి రెండు గంటల నలభై నాలుగు నిమిషాలు. అంటే 164. నాలుగో వంతు 41 నిమిషాలు. ప్రతి 41 నిమిషాలకీ సినిమా ఆపి, చిన్న స్టీలు గ్లాసులో 60 మిల్లీలీటర్లు ఇస్తానన్నాను. రోజువారీ 750లోంచి ఆ 180 పక్కన పెడతానన్నాను. వదిన సరేనంది. అప్పటికే 46 నిమిషాలు అయిపోయింది కాబట్టి ఆ మొదటి ఇంటర్వెల్ ఒక్కటీ ఐదు నిమిషాలు ఆలస్యం.

గడియారం ప్రకారం ఆపితే బొమ్మ ఎక్కడంటే అక్కడ ఆగేది. రెండో ఇంటర్వెల్ సరిగ్గా యుద్ధం మధ్యలో పడింది. ఒకాయన గద పైకెత్తాడు, నేను మీట నొక్కాను. వదిన నీళ్లు నోట్లో పోసుకుని, పుక్కిట పట్టి, కొంచెం కొంచెం మింగుతూ టీవీ వంక చూసింది.

"పాపం, ఆడిని అలాగే ఒగ్గేసినావు. సెయ్యి పీకదేటి ఆడికి?" అంది మింగడం అయ్యాక.

సరదాకే అన్నా, ఆ తర్వాత నుంచి నేను ఒక నిమిషం అటూ ఇటూ చూసి, ఎవరూ ఏదీ ఎత్తి పట్టుకోని చోట ఆపడం మొదలెట్టాను.

రోజుకో సినిమా. డయాలసిస్ రోజుల్లో కూడా మధ్యాహ్నానికి ఇల్లు చేరేవాళ్లం కాబట్టి మానలేదు. ఆ రోజుల్లో వదిన పడుకుని చూసేది. అన్నదమ్ములు వేరుపడి చివరికి కలిసేవి, అత్త కోడల్ని గెంటేసేవి, రాజకుమారి మారువేషం వేసేవి. వదిన సినిమా ఊరికే చూడదు. తెర మీది వాళ్లతో మాట్లాడుతుంది. దొంగ గుమ్మం చాటున నక్కితే, అదుగో నీ ఎనకే అని హీరోకి చెప్తుంది. అత్త పాత్ర వేసినావిడని చూస్తే మా అత్తగారే గుర్తొచ్చిందని, ఆవిడ తన సొంత తల్లి అన్నది కూడా మర్చిపోయి, నాతో చాడీలు చెప్పింది. ఒక సినిమా మేం ఇద్దరం కలిసి డేరాలో చూశామని ఆవిడ, కాదు నేను దాన్ని పెళ్లికి ముందు టెక్కలిలో చూశానని నేను రెండు రోజులు వాదించుకున్నాం. నాకు సంవత్సరంతో సహా జ్ఞాపకం. ఆవిడకి ఆ రోజు నేను కట్టుకున్న చీర రంగు జ్ఞాపకం. అది తేలలేదు.

బరువు మాత్రం లెక్క తప్పలేదు. రెండు రోజుల ఎడంలో 1.7, 1.9, మళ్లీ 1.7. మూడు రోజుల ఎడంలో 2.2. డయాలసిస్ సెంటర్లో మిషను దగ్గరుండే నర్సమ్మ మిగతా వాళ్లకి మా వదినని చూపించి నేర్చుకోండని చెప్పేది. వదిన నన్ను చూపించేది.

ఏప్రిల్ 15 బుధవారం వదిన కొడుకు వచ్చాడు. కొబ్బరికాయల రవాణాకి ఇచ్చిన పాసు పట్టుకుని మోటారుసైకిల్ మీద. తల్లిని గుమ్మం బయట నుంచే చూసి, ఒక బుట్ట అరుగు మీద పెట్టాడు. ముంజలు. 2018లో తిత్లీ తుఫానుకి వాళ్ల కొబ్బరిచెట్లు సగం పోయాయి, జీడితోట మొత్తం పోయింది కానీ, గట్టు మీది తాటిచెట్లు నిలబడ్డాయి. ఆ చెట్లవే. కొనేవాళ్లు లేక కాయలు చెట్టు మీదే ముదిరిపోతున్నాయని, అమ్మకి ఇష్టమని దింపించి తెచ్చాడు. ఆదివారం, బుధవారం తెస్తానన్నాడు.

డేరాలో ఇంటర్వెల్‌కి ఊరి ఆడవాళ్లు తాటాకు దొన్నెల్లో ముంజలు పెట్టి అమ్మేవాళ్లు. వదినకి సినిమా అంటే అదీ ఉండాలి. డాక్టరుగారు ఇచ్చిన కాగితం తీసి చూశాను. తినకూడనివి: అరటిపండు, బత్తాయి, కొబ్బరినీళ్లు, టమాటా, పచ్చళ్లు. ముంజల మాట లేదు. ఆ కాగితం ఎక్కడివాళ్లో ఎక్కడివాళ్ల కోసమో రాసి ఉంటారు. లేదు కాబట్టి తినొచ్చు అనుకున్నాను. అయినా ఒక హద్దు ఉండాలని ఇంటర్వెల్‌కి నాలుగు చొప్పున, సినిమాకి పన్నెండు అన్నాను. మా వైపు ముంజ చలవ చేసే వస్తువు. ఎండదెబ్బకి పెడతారు, పసిపిల్లలకి పెడతారు. అది పండు, తిండి. దాన్ని తాగే వస్తువుల్లో ఎవరూ లెక్కపెట్టరు. నేనూ పెట్టలేదు.

ముంజలు మొదలైన రోజు నుంచి వదిన దాహం అనడం తగ్గించింది. అది నాకు శుభసూచకంగానే తోచింది.

16వ తేదీ గురువారం బరువు 2.3 పెరిగింది. ఎండ ఎక్కువైంది కదా అనుకున్నాను. 18 శనివారం 2.8. సోమవారం సాయంత్రం మా ఇంటి మిషను మీద 3 కిలోలు. ఆ రాత్రి వదిన పడుకోలేకపోయింది. పడుకుంటే ఊపిరి ఆడదు, గోడకి చేరబడి కూర్చుంది. పొద్దున్న ఆమె పాదం మీద బొటనవేలితో నొక్కితే పడ్డ గుంట నేను ఇరవై దాకా లెక్కపెట్టినా పూడలేదు. మంగళవారం సెంటర్లో 3.6 చూపించింది. నర్సమ్మ, ఇలా అయితే గుండె మీద పడుతుందమ్మా, రాత్రి ఏమైనా అయితే ఈ రోజుల్లో ఎవరు తెస్తారు మిమ్మల్ని, అని నెమ్మదిగానే అంది. వదిన నేల చూసింది. నేను వదినని చూశాను.

ఇంటికి రాగానే మంచినీళ్ల కుండ నా గదిలోకి మార్చి తలుపుకి తాళం వేశాను. వదిన చూసింది. గురువారం 2.7. శనివారం 2.8. కుండకి తాళం ఉంది, సీసా మీద గీత ఉంది, మూడు గ్లాసులూ నా చేత్తో కొలిచినవే. అంటే ఇక మిగిలింది బాత్రూంలోని కుళాయి. నా లెక్కలో ఇంకో దారి లేదు.

ఆ శనివారం, 25వ తేదీ, మధ్యాహ్నం సినిమా పెట్టే ముందు అడిగాను. సినిమాలు ఇరవై ఆరూ అయిపోయి రెండో చుట్టు నడుస్తోంది. ఏది పెట్టాలో వదిన చెప్పబోతోంది.

"నిజం చెప్పు వదినా. బాత్రూంలో తాగుతున్నావా?"

 వదిన చాప మీద చెయ్యి ఆనించి లేచి నిలబడింది. నిలబడ్డాక చెప్పింది.

"మీ అన్నయ్య తాగినాడు. పసువుల తొట్టి కాడ వొంగి, రెండు సేతుల్తో తాగినాడు. నాను సూసి నోటికొచ్చినట్టు తిట్టినాను. పది రోజులకి పోనాడు. దొంగనీలు తాగిన మొగుణ్ణి తిట్టిందాన్ని నాను తాగుతానేటి?"

నేను అంకెలు చెప్పాను. 2.8, 3.6, 2.7, 2.8. అవి ఎక్కడి నుంచి వచ్చాయని అడిగాను.

"నాకేటి తెలుసు? నువ్వు ఉద్యోగం సేసినదానివి, అంకెలొచ్చినదానివి. నా నోరు అబద్దం, నీ అంకె నిజం. అలాగే ఉంచు." సినిమా కోసం సిద్ధంగా పెట్టిన గ్లాసుని దూరంగా జరిపేసింది. "మంగలారం నాను రాను. మిసనెక్కను. ఎంత పెరుగుతాదో పెరగనీ."

అని పక్కగదిలోకి వెళ్లి గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ రోజు సినిమా లేదు. ఆదివారం కొడుకు మళ్లీ బుట్ట తెచ్చాడు. తల్లి నిద్రపోతోందని చెప్పి పంపించాను. అలవాటు కొద్దీ పన్నెండు ముంజలు తీసి ప్లేటులో పెట్టి, గ్లాసుతో సహా ఆవిడ ముందు పెట్టాను. రెండూ ముట్టుకోలేదు. మందులకి, టీకి ఎంత కావాలో అంతే తీసుకుంది. మాట్లాడలేదు. సినిమా నీళ్లు మూడు రోజులూ అలాగే మిగిలాయి.

నాకు కోపం తగ్గలేదు కానీ భయం ఎక్కువైంది. మంగళవారం ఆవిడ రానని భీష్మించుకుంటే నేను ఎత్తుకెళ్లలేను. మానేస్తే ఏమవుతుందో మాకు, ముఖ్యంగా ఆవిడకి, బాగా తెలుసు. కొడుక్కి ఫోన్ చేద్దామంటే ఏం చెప్పాలి? మీ అమ్మ నీళ్లు దొంగిలించిందని చెప్పాలా?

సోమవారం సాయంత్రం ఆరింటికి, మాటలు లేకపోయినా, మిషను తెచ్చి ఆవిడ ముందు పెట్టాను. ఎక్కి దిగింది. 1.1 పెరిగింది.

పుస్తకం పట్టుకుని వంటింట్లో కూర్చున్నాను. కిందటి సోమవారం ఇదే వేళకి 3 కిలోలు. ఇప్పుడు 1.1. తేడా 1.9. ఆవిడ వద్దన్న సినిమా నీళ్లు మూడు రోజులకి 540. అది తీసేసినా ఇంకా 1,360 గ్రాములు ఎక్కడో ఉన్నాయి. ఈ మూడు రోజులూ బాత్రూం కుళాయి ఉన్నచోటే ఉంది. దానికి నేను తాళం వేయలేదు. కోపంలో ఉన్న మనిషి, తాగే అలవాటు ఉన్న మనిషి, ఎక్కువే తాగాలి. మరి ఎందుకు తగ్గింది? మూడు రోజుల్లో ఏం మారింది? సినిమా లేదు. సినిమా లేకపోవడం వల్ల బరువు తగ్గదు. సినిమాతో పాటు ఇంకేం లేదు?

గట్టు మీద ఆదివారం వలిచిన ముంజలు మూత కింద అలాగే ఉన్నాయి. మూత తీశాను. ఒక్క రోజుకే ముడతలు పడి, సగానికి సగం దిగిపోయి, ప్లేటులో నీరు ఊరి ఉంది.

వంటింటి త్రాసు తీసి బుట్టలోంచి కొత్తది ఒకటి వలిచి తూచాను. 38 గ్రాములు. ముడతలు పడ్డది తూచాను. 26. రోజుకి పన్నెండు, మూడు రోజులకి ముప్పై ఆరు. ముప్పై ఆరు ముప్పై ఎనిమిదులు 1,368.

జీడిపప్పు పరిశ్రమలో పొట్టు ఊడడానికి గింజల్ని వేడిగదిలో ఆరబెడతారు. లోపలికి వెళ్లే ముందు తూచాలి, బయటికి వచ్చాక తూచాలి. ఆ తేడా నీరు. గింజ పొడిగా కనిపించినా అందులో నీరు ఉంటుందని, చేత్తో పట్టుకుంటే తెలియదని, తూచి చూడాలని కొత్తగా చేరిన ప్రతి ఆడపిల్లకీ ముప్పై నాలుగేళ్లు నేనే చెప్పాను. ముంజలో వేలు గుచ్చితే నీళ్లు మొహం మీదికి చిమ్ముతాయి. పది రోజులు వదిన నా కళ్లెదుటే వేలు గుచ్చి తిన్నది.

తెల్లవారేదాకా ఆగుదామని కూడా అనుకోలేదు. పుస్తకం, ప్లేటులో రెండు ముంజలు పట్టుకుని పక్కగదిలోకి వెళ్లాను. వదిన గోడ వైపే ఉంది. మంచం పక్కన నిలబడి మొదటి నుంచి చదివాను. ఏ రోజు ఎంత బరువు, ఏ రోజు ఎన్ని ముంజలు, ఒక్కోటి ఎంత, ఈ మూడు రోజుల్లో ఎంత, కిందటి వారం ఎంత. కొత్తదాని తూకం, ఎండినదాని తూకం. 1,360కీ 1,368కీ మధ్య ఎనిమిది గ్రాముల తేడా ఎందుకు వచ్చి ఉంటుందో కూడా చెప్పాను. అంతా విని, ఇటు తిరగకుండానే అడిగింది.

"అయితే ఏటంటావు?"

"నువ్వు తాగలేదు. నేనే తాగించాను."

 వదిన మెల్లగా ఇటు తిరిగింది. ప్లేటు వైపు చూసింది, నా వైపు చూసింది.

"ఈ ముక్క సెప్పడానికి అంత సదవాలా?" అంది.

నేను, తప్పు నాదేనని, తాళం వేయకుండా ఉండాల్సిందని, అడగకుండా ఉండాల్సిందని చెప్పాను. అది ఆవిడ వినలేదో, విననట్టు ఊరుకుందో. పుస్తకం మూసేసి దీపం ఆర్పబోతుంటే అడిగింది.

"రేపు ఆటో ఎన్నింటికి?"

ఏడున్నరకి అని చెప్పాను. కుండ తెచ్చి వంటింట్లో పెట్టాను.

మంగళవారం సెంటర్లో 1.7 చూపించింది. నర్సమ్మకి ముంజల సంగతి నేనే చెప్పాను. ఆవిడ నవ్వలేదు. మిగతా బెడ్ల వైపు తిరిగి, ఎవరెవరు ముంజలు తింటున్నారో చేతులెత్తమంది. ఆరుగురిలో నలుగురు ఎత్తారు. మిషనుకి కట్టేసి ఉండగా వాళ్లు ఎత్తింది ఒక్క చెయ్యే.

బుధవారం వదిన కొడుకు ఎప్పటిలాగే బుట్టతో వచ్చాడు. ఈసారి కాయలు మరీ లేతవని, చెట్టు కొసదాకా మనిషిని ఎక్కించి తీయించానని సంతోషంగా చెప్తున్నాడు. వాడికి ఏమని చెప్పాలో నేను పొద్దుటి నుంచి ఆలోచించుకుంటున్నాను. నేను తెచ్చినవే అమ్మకి ఆయాసం తెప్పించాయా అని వాడు కుంగిపోతాడు. నేను నోరు తెరిచేలోపు వెనక నుంచి వదిన వచ్చింది.

"నాకు మొకం మొత్తిపోనాయిరా. డాట్రుబాబు కూడా ఒద్దన్నాడు. ఇయి మీ అత్తకి. ఆవిడకి ఇట్టమే గాని అడగదు. ఇకనుంచి తేకు, దారిలో పోలీసులతోటి నీకెందుకు."

వాడు నా వైపు చూశాడు. అవునన్నట్టు తల ఊపాను. నాకు ముంజలంటే ఇష్టం లేదు. ఆ జిగట నాకు పడదు.

ఆ మధ్యాహ్నం రెండున్నరకి, శనివారం చెప్పబోయి ఆగిపోయిన సినిమా ఏదో చెప్పి, అదే పెట్టమంది. నాలుగో వంతు అవగానే ఆపాను. 60 మిల్లీలీటర్లు కొలిచి ఇచ్చాను. ఆవిడ గ్లాసు పక్కన పెట్టి, సూదులు గుచ్చే ఎడమచెయ్యి ఒళ్లో భద్రంగా పెట్టుకుని, కుడిచేత్తోనే నాలుగు ముంజలు వలిచి నా ప్లేటులో వేసింది. తినమంది. నాకు పడవని చెప్పాను. ఆవిడ వినిపించుకోలేదు. తిన్నాను. నీళ్లు పుక్కిట పట్టి నేను నమిలేది చూస్తూ కూర్చుంది. మింగాక అడిగింది.

"లేతవేనా?"

మూడు లేతవని, ఒకటి ముదిరిందని చెప్పాను. తియ్యగా ఉన్నాయా అని అడిగింది. రెండోది బాగా తియ్యగా ఉందన్నాను. లోపలి నీళ్లు ఎలా ఉన్నాయని అడిగింది. చల్లగా ఉన్నాయని చెప్పాను. సరే, మొదలెట్టు అంది.

రెండో ఇంటర్వెల్‌కి నాలుగు. మూడో దానికి నాలుగు. ఒక్కోదానికీ అన్ని ప్రశ్నలూ అడిగింది, అన్నిటికీ ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మూడో ఇంటర్వెల్ అయ్యాక సినిమా మొదలెట్టబోతే ఆగమంది. గోడ పక్కన ఉన్న బరువు మిషనుని కాలితో నా వైపు జరిపింది.

"ఎక్కు మరదలా," అంది. "నీదీ సూద్దాం."

మధ్యాహ్నం అన్నం తిన్నాక నేనూ ఆ మిషను ఎక్కి చూసుకున్నాను కాబట్టి ముందు ఎంత ఉన్నానో నాకు తెలుసు. ఎక్కాను. నాలుగు వందల గ్రాములు ఎక్కువ చూపించింది. వదిన ఆ అంకె నా చేత రెండుసార్లు చదివించుకుంది. రెండోసారి చదివేటప్పుడు నవ్వుతోంది. నవ్వి, ఆయాసపడి, గుండె మీద చెయ్యి పెట్టుకుని, ఊపిరి నిలదొక్కుకున్నాక మిగతా సినిమా పెట్టమంది.